సైకత సార్వభౌముడు

లోకమున మీనపోషకులు పలుతెఱగుల వారు కలరు. తొట్టిలో నాలుగు ఎఱ్ఱచేపలను విడిచి, అవి తేలిపోయిన మరునాడు మఱి నాలుగింటిని తెచ్చుకొను సామాన్యులను గూర్చి వ్రాయ బనిలేదు. ఉప్పునీటి తొట్టిని క్రొత్తగా నెలకొల్పిన గృహస్థుని జాతి వేఱు. ఆయన యింటికి చేపలను చూడవచ్చినవారికి, నీలి దీపకాంతిలో సమతలముగా పఱచిన తెల్లని యిసుక తప్ప వేఱొకటి కానరాదు. "చేపలేవండీ?" అని యడిగినవానిని ఆయన జాలిగా చూచి, "ముందు ఇసుక కుదురుకోవాలి" అని సెలవిచ్చును.

అట్టి మహనీయుడొకాయన మా విశాఖపట్టణమున సముద్రమున కెదురుగా నాలుగవ అంతస్తున కాపురమున్నాడు. బాల్కనీలో నిలిచి చూచినచో కన్ను ఆనినంత మేర ఇసుకయే. అయినను, బహామా దీవుల చెంత నిస్సారమైన లోతులేని సముద్రమున పుట్టి, సంచుల కెక్కి, ఓడ లెక్కి, సుంకములు చెల్లించుకొని వచ్చిన ఆరగొనైటు ఇసుక 100 కిలోలకు పైగా లిఫ్టులో పైకి పోవుచుండగా చూచి వాచ్‌మన్, "ఏటి బాబూ, ఫ్లాట్లో మళ్లీ గోడ కడతన్నారేటి?" అని యడిగెను. ఇల్లాలును ఊరకుండలేదు.

"ఏమండీ, కిందకి దిగితే ఊరికే దొరికే ఇసుకని డబ్బులు పోసి కొంటారా?"

"ఆ ఇసుకలో క్వార్ట్జు ఉంది, గార్నెట్ ఉంది. భీమిలి దగ్గర నల్లగా మెరిసేది ఇల్మనైటు. అవి తొట్టికి పనికిరావు."

"అవన్నీ ఉన్నా సముద్రంలో చేపలు బతుకుతున్నాయి కదండీ!"

ఈ తర్కమునకు సభ యావత్తు ఇల్లాలి పక్షమున మ్రొగ్గునుగాని, సత్యము మాత్రము, చెప్పక తప్పదు, ఆయన వైపే యున్నది. నగరపు మురుగును, ఖనిజములను సముద్రము తన విస్తృతిచే దిగమ్రింగగలదు. మూడువందల లీటర్ల తొట్టికి ఆ జీర్ణశక్తి యెక్కడిది? ఆరగొనైటు అన్ననో, గవ్వలకును పగడములకును మూలద్రవ్యమైన కాల్షియం కార్బొనేటు. ఇసుక లోపొరలలో ఆమ్లత్వము హెచ్చినచోట కొద్దికొద్దిగా కరగి, కాల్షియమును క్షారగుణమును నీటికి తిరిగి యొసగును.

ఈ శాస్త్రమునను మతభేదములు లేకపోలేదు. అడుగున ఇసుకయే కూడదను నిర్గుణోపాసకులు కొందఱు. ఒకటి రెండంగుళములు చాలునను మితవాదులు కొందఱు. నాలుగు మొదలు ఆరంగుళముల వఱకు ఉండవలెనను గంభీరవాదులు మఱికొందఱు. ఇసుక క్రింద జాలీ నమర్చి, దాని యడుగున ఉత్త నీటిని నిలుపు మొనాకో పండితుడు జోబేర్ గారి సంప్రదాయము వేఱొకటి కలదు. అమ్మోనియాను పైపొరలలోని సూక్ష్మజీవులు నైట్రైటుగను, ఆపై నైట్రేటుగను మార్చగా, ప్రాణవాయువు చొరని లోతులలో వసించు వేఱు సూక్ష్మజీవులు ఆ నైట్రేటును నత్రజనిగా మార్చి బుడగలరూపమున పైకి పంపునని విని, పరవశుడై, మన సార్వభౌముడు గంభీరమతమున దీక్ష గైకొని ఐదంగుళములు పోసెను.

పోయుటకు ముందు కడుగవలెను. బియ్యము కడిగినట్లు బకెట్టులో ఇసుకను కలియబెట్టి, తెల్లని కడుగును వంపి, మరల నీరు పట్టి, మరల వంపి, నీరు తేటపడునప్పటికి అపార్టుమెంటు ట్యాంకు అడుగంటెను. పిమ్మట ఇసుక గుంట పడకుండ దానిపై ఇంటిలోని స్టీలు కంచము నుంచి, ఆ కంచముపై ఉప్పునీటిని సన్నని ధారగా వదలెను. అంత చేసినను తొట్టి రెండు దినములు పాలవలె తెల్లబారి యుండెను. అప్పుడే పండుగకు వచ్చిన మామగారు కండ్లజోడు సవరించుకొని, వంగి, లోపలికి పారజూచి, "క్షీరసాగరం బాగానే ఉంది అల్లుడుగారూ, శేషశాయి ఎప్పుడు వేంచేస్తారు?" అనిరి.

తొట్టి కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. ఆ కాలమున మనుష్యుడు చేయవలసినది ఏమియు లేదు. ఆ ఏమియు లేనిదే ఆయనకు చేతకాని పని. ఇసుకపై గోధుమవన్నె పొర కానవచ్చెను. అది డయాటములను సూక్ష్మశైవలము, క్రొత్త తొట్టులకు సహజము, తనంతట పోవును. ఈ సంగతి పదిమందికి బోధించుచునే, ఆయన రాత్రివేళ దీపము పెట్టుకొని పొడవాటి గరిటెతో ఆ పొరను తిరుగవేయుచుండును. కొన్ని నెలలకు, కదల్పరాని అట్టడుగు నల్లపొర గరిటెకు తగిలి, హైడ్రోజన్ సల్ఫైడు వెలువడి, ఇల్లెల్ల గుప్పుమన్నప్పుడు, పూజగదినుండి తల్లిగారు, "ఒరేయ్, మడి కట్టుకునే కొంపలో ఈ మురిగిన కోడిగుడ్డు కంపేమిట్రా?" అని కేకవేసిరి.

ఆ వాసన తగ్గిన పిమ్మట, ఇసుకను శుభ్రపఱచుటకై గోబీ చేప నొకదానిని తెచ్చిరి. అది నోటినిండ ఇసుకను గ్రహించి, అందలి ఆహారమును జల్లించుకొని, మిగిలినదానిని మొప్పల వెంట రాల్చును. పని మెచ్చదగినదే; కాని సాయంకాలమగునప్పటికి ఇసుక యంతయు ఒక మూల గుట్టయగును, వేఱొక మూల అద్దము బయల్పడును. ఆయన ప్లాస్టిక్ స్కేలుతో రాత్రి చదును చేయును, అది పగలు చెఱచును. నిన్న నన్ను చాటుగా పిలిచి, "మాస్టారూ, ఈ చేపని ఊరికే ఇచ్చేస్తాను, తీసుకుపోండి. ఇసుకని బతకనివ్వటంలేదు" అనెను.

నా యింట ఉప్పునీటి తొట్టి లేదని చెప్పితిని.

"మరీ మంచిది! ముందు ఇసుకతో మొదలుపెట్టండి" అని, చేపమాట మఱచి, కాగితము తీసి సంచుల లెక్క వేయసాగెను.