సమ్మెంటే మాదిరా అబ్బాయ్!

ఏరా అబ్బాయ్, మీ డెలివరీ కుర్రాళ్లంతా సమ్మె చేశారట! ఏం చేశారయ్యా అంటే, ఫోన్లో యాప్ కట్టేశామంటావు. వీధిలో ఊరేగింపు లేదు, గేటు దగ్గర మీటింగు లేదు, గొంతు బొంగురుపోయినవాడు ఒక్కడూ లేడు. బొటనవేలితో సమ్మె చేసే రోజులొచ్చాయి. ఇంకా ఏమేం చూడాలో!

మా రోజుల్లో సమ్మెంటే 1974 మే నెల రైల్వే సమ్మె. నేనప్పుడు బెజవాడలో ఓ చిన్న ప్రెస్సులో కంపోజిటర్ని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తిరగేసి పేర్చి, తిరగేసే చదివేవాళ్లం. మీకు సరిగ్గా అచ్చయిందే చదవడం రాదు, ఆ సంగతి వేరు. రైల్వే యూనియన్ వాళ్లు పొద్దుపోయాక కరపత్రం రాసి తెస్తే, తెల్లారేసరికి ట్రెడిల్ మీంచి దిగాల్సిందే. ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పక్కవాడికిచ్చేవాళ్లు. చదువు రానివాడికి టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు చదివి వినిపించేవాళ్లు. మరి మీరో? పొద్దున లేస్తే బోలెడు ఫార్వర్డులు, ఒక్కటీ చివరిదాకా చదవరు. సరే, మా కరపత్రాల్లోనూ సగం చివరికి మిరపకాయ బజ్జీల పొట్లాలయ్యేవనుకో. అయినా బజ్జీ తిన్నాకైనా చదివేవాళ్లు.

ఇంతకీ రైల్వే వాళ్లేం అడిగారో తెలుసా? బోనసు, ధరలకు తగ్గ కరువు భత్యం, ప్రభుత్వరంగ సంస్థల వాళ్లతో సమానంగా జీతం, ఎనిమిది గంటల పని. బొగ్గింజను మీద ఫైర్‌మేన్ అంటే నువ్వు సినిమాల్లో చూసినట్టు ఈల వేసుకుంటూ పోవడం కాదు. ముందు మంట, వెనక బొగ్గు, మధ్యలో మనిషి. డ్యూటీ ఎక్కాక ఎప్పుడు దిగుతాడో వాళ్లావిడకి చెప్పగలిగేవాడు కాదు. అంతకు ముందు ఏడాది, 1973లో, లోకో వాళ్లు పని ఆపి పది గంటల ఒప్పందం రాబట్టుకున్నారు. కాగితం మీది పది గంటలు ఇంజను మీదకి ఎక్కితేనా!

అందుకే యూనియన్లన్నీ కలిసి ఒక సమన్వయ కమిటీగా ఏర్పడ్డాయి. దానికి పెద్ద జార్జి ఫెర్నాండెజ్. మే 8న సమ్మె అంటే, మే 2నే ఆయన్ని లక్నోలో పట్టుకుపోయారు. పెద్దాయన్ని లోపలేస్తే చల్లబడతారనుకున్నారు. చల్లబడలేదు, దేశమంతా దాదాపు పదిహేడు లక్షల మంది దిగారు. ప్రధాని ఇందిర, రైల్వే మంత్రి లలిత్ నారాయణ్ మిశ్రా. ఇక చూస్కో, మీసా, డీఐఆర్ లాంటి నిర్బంధ చట్టాలు, వేలకు వేల అరెస్టులు, వేలకు వేల డిస్మిస్‌లు. రైల్వే కాలనీల్లోకి పోలీసులు వెళ్లి, పెళ్లాంపిల్లల్ని క్వార్టర్ల నుంచి బయటకి ఈడ్చారు. ఆడవాళ్లూ ఊరుకోలేదు, వాళ్లకి ఎదురు నిలబడ్డారు. బళ్లు నడపడానికి టెరిటోరియల్ ఆర్మీని దింపారు. సమ్మె మధ్యలోనే, మే 18న, పోఖ్రాన్‌లో అణుబాంబు పేల్చారు. మర్నాడు పేపర్లలో పెద్దక్షరాలన్నీ దానికే పోయాయి. అక్షరాలు పేర్చేవాణ్ణి కదా, పెద్ద టైపు ఎవరికి దక్కిందో నాకు ముందు కనబడేది.

ఒక్క మాట చెప్పనా? మా రోజుల్లో నిర్బంధానికైనా ఓ పద్ధతుండేది. వ్యాను వచ్చేది, పేరు పెట్టి పిలిచేవాళ్లు, వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసేది. ఫలానావాణ్ణి తీసుకుపోయారని ఊరంతా తెలిసేది. మీకో, ఐడీ బ్లాకయిందని ఫోను ఒక్కసారి మూలుగుతుంది, అంతే. ఎవరు చేశారో తెలీదు, ఎందుకో తెలీదు, పక్కవాడికీ తెలీదు. ఇంకాసేపుంటే లాఠీని కూడా మెచ్చుకునేలా ఉన్నారని మా ఆవిడ వంటింట్లోంచి దగ్గుతోంది. ఆవిడకేం తెలుసు! పోనీ, తెలుసు. ఆ మే నెలలోనే తెనాలి పాసింజరు లేక పుట్టింటికి పోలేకపోయింది. ఆవిడకంటే ఎక్కువ సణిగింది నేను, మామగారింటి మామిడిపళ్లు పోయాయని.

ఇరవై రోజులకి సమ్మె విరమించారు. ఓడిపోయారు, దాచడమెందుకు. మరుసటేడు జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. సెప్టెంబరులో కార్మికుల కనీస బోనసు 8.33 శాతం నుంచి నాలుగు శాతానికి దించారు. ఎమర్జెన్సీలో రైళ్లు టైముకొచ్చేవోయ్ అని మా వయసు వాళ్లు ఇప్పటికీ మురిసిపోతుంటారు. ఆ బండి నడిపినవాడి బోనసు గురించి ఒక్కడూ అడగడు. 1977లో జనతా వాళ్లొచ్చి, మధు దండావతే రైల్వే మంత్రయ్యాక, తీసేసినవాళ్లని తిరిగి పనిలోకి తీసుకున్నారు. రైల్వే బోనసు 1979లో వచ్చింది. అడిగింది ఎప్పుడు, ఇచ్చింది ఎప్పుడు! మా రోజుల్లో ఓడిపోయిన సమ్మె కూడా అయిదేళ్లకి గెలిచేది. మీవి సాయంత్రానికే అయిపోతాయి.

ఇక మీ కాలం సంగతి. ఇరవై తొమ్మిది కార్మిక చట్టాలు కలిపి నాలుగు కోడ్‌లు చేశారు, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. ఫ్యాక్టరీ వాళ్లు సమ్మె చేయాలంటే పద్నాలుగు రోజుల ముందు నోటీసివ్వాలి. సగం మంది కలిసి సెలవు పెట్టినా అది సమ్మే. మన ఆంధ్రాలో ఫ్యాక్టరీ పనిరోజుని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని 2025లోనే నిర్ణయించారు. ఎనిమిది గంటల కోసం రైల్వే వాళ్లు జైళ్లకెళ్తే, మీరు పదికి బొటనవేలెత్తి చూపించారు. మీ గిగ్ కుర్రాళ్ల మాట మొదటిసారి కేంద్ర చట్టంలోకి ఎక్కింది, అది మంచిదే. నోరు జారి మంచిదన్నాను, రాసుకోకు.

ఒరే నాయనా, నా సణుగుడికేం గానీ, ఒక పని చెయ్యి. నీతో బళ్లు తోలే కుర్రాళ్లలో ఎంతమంది ఇల్లు నీకు తెలుసు? ఎవడి తల్లికి ఒంట్లో బాగోలేదో, ఎవడి ఐడీ ఆగిపోయిందో తెలుసా? రైల్వే కాలనీలో అవన్నీ అందరికీ తెలుసు, అందుకే ఇరవై రోజులు నిలబడగలిగారు. ముందు అది తెలుసుకో. ఆ తర్వాత మీకేం కావాలో ఒక్క కాగితం మీద, తెలుగులో, నీ చేత్తో రాసి పట్టుకురా. అచ్చుతప్పులు నేను దిద్దుతాను.