కాకీ, తాటిపండూ, మా అల్లుడూ

మా మేనల్లుడు లా చదువుల ప్రవేశపరీక్ష క్లాట్‌కి చదవడం మొదలెట్టాక ఆలమూరులో వాడి ముందు “అందుకని” అనే మాట ఎవరూ వాడ్డం లేదు. ఊళ్ళో కోర్టుంది, ప్లీడర్లున్నారు. జనం భయపడేది మాత్రం ఇంకా పరీక్షైనా రాయని వీడికే.

“గుమ్మానికి గుమ్మడికాయ కట్టాం, అందుకనే ఈ ఏడు జ్వరాలు లేవు” అని వాళ్ళమ్మ అందో, పుస్తకంలోంచి తలెత్తకుండానే “కాకా, తాటిపండా?” అంటాడు. కాకి వాలినప్పుడే పండు రాలితే కాకి బరువుకే రాలిందనుకోవడం వాడి చట్టంలో నేరం.

తప్పు వాడిది కాదు, పరీక్షది. 2 గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబుకి పావు మార్కు కోత. తర్కం భాగంలో ఒక వాదమిచ్చి, దీన్ని ఎక్కువ దెబ్బకొట్టేది ఏదంటారు. వాదించినవాడు పైకి చెప్పకుండా అడుగున దాచుకున్న నమ్మకమేదో పట్టుకుని అక్కడ కొట్టాలి. నిజమే అయినా వాదానికి సంబంధం లేని జవాబొకటి పక్కనే పెడతారు. అదే వల.

17వ శతాబ్దంలోనే మన తెలుగాయన అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెల్లని హేతువుల్ని అయిదు రకాలుగా ఏరి పెట్టాడురా అన్నాను. “పాతకాలంవాడు కనక గొప్పవాడంటారా మావయ్యా?” అన్నాడు. నేనలా అనలేదు. అన్నట్టే సిగ్గుపడ్డాను.

కొబ్బరి దింపు నాడు షావుకారొచ్చి, “అంబాజీపేటలో రేటు పడిపోయిందండి, అందుకని వెయ్యి కాయకీ...” అన్నాడు. వీడు అక్కడే పట్టుకున్నాడు. “పడిందని ఎవరు చూశారండి? పడినా, ఈ కాయ అక్కడికే వెళుతుందని ఏంటి ఆధారం? మొన్న అక్కడ పెరిగితే ఇక్కడ పెంచలేదేం?”

మూడూ మంచి ప్రశ్నలే. నేనైతే మూడుకి మూడు మార్కులూ వేసేద్దును. షావుకారు ఓపిగ్గా విని, “ఆయ్, బాబుగారు చెప్పింది నిజమేనండి” అని జొన్నాడ వైపు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కాయల రాశిమీద ఇప్పుడు కోడి గుడ్లు పెడుతోంది. మా బావ రోజూ దాని చుట్టూ తిరుగుతూ, “గెలిచాం రా” అంటున్నాడు.

డిసెంబరులో పరీక్ష. రావులపాలెంలో బస్సెక్కిస్తుంటే వాడి జేబులో పెన్ను చూశాను. అయినవిల్లి వినాయకుడి దగ్గర లక్ష పెన్నులు పూజలో పెట్టి పిల్లలకి పంచుతారే, అది!

“ఏం అల్లుడూ, కాకా, తాటిపండా?”

“రెండూ కాదు మావయ్యా, పెన్ను” అని జేబుకి గుండీ పెట్టుకున్నాడు.