చచ్చినా చావదు: ఒక మొక్కల బండి వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కోలాచలం మల్లినాథ సూరి మన మెదకు సీమవాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ ఒక ప్రతిజ్ఞ చేశాడు: మూలం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. రెండో మాట నిలబెట్టుకునే శక్తి ఈ వ్యాఖ్యాతకు లేదు. మొదటిది మాత్రం అక్షరాలా పాటిస్తాను. నా కథంతా మూలం దగ్గరే, అంటే వేరు దగ్గరే, చెడింది మరి.

దాచేపల్లిలో మా ఇంటికి నాపరాళ్లు నిలబెట్టిన ప్రహరీ ఉంది. నాగులేటి దాకా ఏ వీధిలో చూసినా ఇదే గోడ. ఇక్కడ భూమిని గీరితే రాయి, ఇంకాస్త గీరితే ఇంకాస్త పెద్ద రాయి. శ్రీనాథుడి పేర చెలామణీ అయ్యే చాటువుల్లో పల్నాటి రాళ్ల మీదా జొన్నకూటి మీదా ఎన్ని విసుర్లున్నాయో ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి. అయినా రిటైరైన ఏడాది బుద్ధి తప్పింది. వర్జీనియాలో ఉన్న మా అబ్బాయి వాళ్ల ఇంటి ముందు మోకాలెత్తు పచ్చటి గోడను వీడియోలో చూపించాడు. పళ్లెంలో కోసిపెట్టిన మైసూరుపాకులా నాలుగు పక్కలా సమంగా ఉంది. "బాక్స్‌వుడ్ నాన్నా" అన్నాడు. ఆ శ్రావణంలోనే మొక్కల బండి ఒకటి మా వీధిలోకి వచ్చింది. పేరు అడిగాను. బండివాడు ఈ కింది వాక్యం పలికాడు.

మూలం

"బాక్సుడ్డే సార్. పూటకో చెంబు, నెలకో కటింగు. చచ్చినా చావదు."

టీక

బాక్సుడ్డు + ఏ = బాక్సుడ్డు మాత్రమే; సార్ = ఓ పెన్షనుదారుడా; పూటకున్ + ఒక చెంబు = ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున నీళ్లు; నెలకున్ + ఒక కటింగు = ముప్పై రోజులకు ఒకసారి కత్తిరింపు; చచ్చినన్ = ఒకవేళ చచ్చిపోయినా; చావదు = చావనే చావదు.

బాక్సుడ్డు: డబ్బాలు చేసే కలప కనుక ఆ పేరని మా మనవడి వ్యుత్పత్తి. తలకిందులు. గ్రీకులు ఈ చెట్టును పుక్సోస్ అన్నారు, దాని కట్టెతో చేసిన చిన్న డబ్బాను పుక్సిస్ అన్నారు. లాటిన్‌లో అది బక్సస్ అయింది, ఇంగ్లీషులో బాక్సు అయింది. చెట్టు ముందు, డబ్బా తరవాత. టిఫిన్ బాక్సు అన్న ప్రతిసారీ మనం తెలియకుండా ఒక చెట్టు పేరు తలుస్తున్నాం. కట్టె మహా గట్టిది, పచ్చిది నీళ్లలో వేస్తే మునుగుతుంది. హిమాలయాల చలిలో పెరిగే దీని చుట్టంతో దువ్వెనలు చేశారు. రోము పెద్దమనిషి చిన్న ప్లినీ తన తోటలో దీన్ని జంతువుల ఆకారంలోనూ, యజమాని పేరు అక్షరాల ఆకారంలోనూ కత్తిరించినట్టు ఉత్తరంలో రాసుకున్నాడు. ఇంటి పేరు బోర్డు మీద డిగ్రీలతో సహా రాయించుకునే మనకు ఈ సంగతి వింతగా తోచదు.

ఏ: ఈ ఒక్క అక్షరం దగ్గర ఆగాలి. ఏవకారానికి శాస్త్రంలో పని ఇతరాలను తోసిపుచ్చడం. నేను అనుమానం వెలిబుచ్చకముందే ఇతరాన్ని తోసిపుచ్చాడంటే, ఆ ఇతరం ఆ బండిలోనే ఉందన్నమాట. అంతే కాదు, నా చేతిలోనే ఉంది.

లక్షణ పరీక్ష మా అబ్బాయి ఫోనులో చేశాడు. నిజమైన బాక్సుడ్డుకు ఆకులు ఒంటివి, చిన్నవి, కొమ్మకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉంటాయి. పువ్వుకు రేకులుండవు. నా మొక్కకు ఒక్కో ఈనెకు అయిదారు చిట్టి ఆకులు, తెల్లని పూలు, రాత్రయితే వీధి చివరి దాకా వాసన. "నలిపి చూడు నాన్నా" అన్నాడు. నలిపితే కరివేపాకుకు నిమ్మ తగిలినట్టుంది. వాళ్ల ఇంటి ముందున్నది ఎండెక్కితే పిల్లి ఒంటేలు కంపు కొడుతుందట. పరిమళించినందువల్ల నా మొక్క నకిలీ అని తేలింది. దాని అసలు పేరు మురయా. లిన్నేయస్ శిష్యుడు మర్రే పేరు మీద పెట్టినది, నిమ్మ కుటుంబంలోది, కరివేపకు దగ్గరి చుట్టం. దీన్నీ చైనా బాక్సు అంటారు కనుక బండివాడు పూర్తిగా అబద్ధం ఆడాడనలేం. ఏవకారం వరకే అబద్ధం.

సార్: ఊళ్లోవాడినైతే 'అన్నా' అనేవాడు. సంబోధన మారగానే ధరా మారింది. ఇంతకు మించి వ్యాఖ్యానించను.

పూటకో చెంబు: ఎంత చెంబు? మూలంలో లేదు. మా మరచెంబు లీటరు. పన్నెండు మొక్కలకు పన్నెండు చెంబులు పొద్దున, పన్నెండు సాయంత్రం భక్తితో పోశాను. ఇదే మొదటి అపచారం. రోజూ పై మట్టి తడిస్తే వేరు పైనే పాకుతుంది, రోహిణి కార్తెలో ఆ పై మట్టే ముందు కాలుతుంది. మూడు నాలుగు రోజులకు ఒకసారి, నీరు జానెడు లోతుకు దిగేదాకా పోస్తే వేరు కిందికి వెతుక్కుంటూ పోతుంది. అసలు బాక్సుడ్డుకు పుట్టుకతోనే వేళ్లు పైపైన ఉంటాయి. అందుకే దాని మొదట్లో పార ఆడించకుండా ఆకూ అలమూ కప్పుతారు. నేనూ కప్పాను. ఊళ్లో ఉచితంగా దొరికేవి మిర్చి తొడిమలు. వారం రోజులు వీధంతా తుమ్మింది. వేరుశనగ పొట్టు వేసుకోండి.

ఫాల్గుణానికి లేత ఆకులు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి.

ఇక్కడ పూర్వపక్షం: ఎదురింటి మిర్చి రైతు గేటులోంచే చూసి "బొబ్బర తెగులు మేష్టారూ, డ్రమ్ములో మందు మిగిలింది, కొట్టమంటారా?" అన్నాడు. పదెకరాల మిరపకు బొబ్బరతో కన్నీళ్లు పెట్టుకున్నవాడు, అతనికి లోకమంతా బొబ్బరలాగే కనబడుతుంది. తప్పు పట్టను. కానీ బొబ్బర అయితే ఆకు ముడుచుకోవాలి, ఇది ముడవలేదు.

సిద్ధాంతం: ఇది సున్నం దెబ్బ. మనది సున్నపురాతి నేల. పక్కనున్న పిడుగురాళ్ల బతుకుతున్నదే సున్నపు బట్టీల మీద. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూడండి, తెల్లటి అట్ట కడుతుంది. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. వంటిల్లు నిండా సరుకులుండి తాళంచెవి పోయినట్టు. నిమ్మజాతికి ఈ బాధ మరీ ఎక్కువ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట ఆకుల మీద పిచికారీ చేయాలి. వారానికో పదిరోజులకో మళ్లీ చేయాలి. మల్లినాథుడు తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. నా సంజీవని పురుగుమందుల షాపులో ప్లాస్టిక్ కవరులో దొరికింది.

ఇందులో నన్ను నవ్వించినదీ ఏడిపించినదీ ఒకటే. నిజం బాక్సుడ్డుకు సున్నపు నేల అంటే ప్రాణం. ఇంగ్లండులో సర్రే జిల్లాలో బాక్స్ హిల్ అని ఒక సుద్దకొండ ఉంది. అక్కడ ఇది అడవి మొక్కగా పెరుగుతుంది, కొండకు పేరే దాని వల్ల వచ్చింది. అంటే నేల సంగతి వరకు దాచేపల్లి దానికి పుట్టిల్లే. చంపేది సూర్యుడు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మాకు పొరుగూరే. బండివాడు నిజం బాక్సుడ్డు ఇచ్చి ఉంటే సున్నానికి బతికి ఎండకు చచ్చేది. అబద్ధపుది ఇచ్చాడు కనుక ఎండకు ఓర్చుకునేదే, సున్నానికి చిక్కింది.

నెలకో కటింగు: అసలైనది ఏడాదికి నాలుగైదు అంగుళాలు పెరిగితే గొప్ప. నెల నెలా కత్తిరించడానికి అదేమీ స్కూలు పిల్లాడి తల కాదు. ఇంగ్లండులో దీని కత్తిరింపుకు ఒక పర్వదినం ఉంది. జూన్ మొదట్లో, సర్రేలోనే జరిగే డెర్బీ గుర్రప్పందేల రోజు కత్తెర పడతారు. మంచు భయం అప్పటికి తీరుతుంది. అదీ మబ్బు పట్టిన పూట చూసి. లోపలి లేత ఆకుకు ఒక్కసారిగా ఎండ తగిలితే మాడుతుంది. ఇంకో సూక్ష్మం: కంచె ఏదైనా అడుగున వెడల్పు, పైన సన్నం ఉండాలి. తిరగేస్తే కింది కొమ్మలకు వెలుగు లేక బోసిపోతాయి. నేను నెలకొకసారి అన్న మాటను వేదంలా పట్టుకుని వైశాఖంలో కూడా, మిట్టమధ్యాహ్నం, గొడుగు పట్టుకుని మరీ కత్తిరించాను. గొడుగు నాకే పట్టాను. తొమ్మిది మొక్కలు పోయాయి.

చచ్చినా చావదు: పాఠాంతరం ఉంది. ఎదురింటి రైతు 'చచ్చినా రాడు' అని చదువుతాడు. బండివాడి పరంగా అదే సమంజసమైన పాఠం. ఆ మనిషిని మళ్లీ చూడలేదు. అయినా అధిక సంఖ్యాకులు విన్నది 'చావదు' కనుక దాన్నే గ్రహిస్తున్నాను. అలంకారం విరోధాభాసం అందామంటే, విరోధం ఉంది కానీ ఆభాస లేదు. తొమ్మిదీ నిజంగానే చచ్చాయి.

చిక్కు వ్యాకరణంలో ఉంది. ఈ వాక్యంలో కర్త లేదు. ఏది చావదు? వ్యాఖ్యాత అధ్యాహారం చేసుకోవాలి. ముందున్న 'బాక్సుడ్డు'ను నేను తెచ్చి అతికించాను. మా ఆవిడ వాకిట్లో నిలబడి ఎండుకట్టెలు లెక్కపెట్టి, "ఏమండీ, చచ్చినా చావనిది పెరట్లో ఉంది కదా, ఎప్పుడైనా చూశారా?" అంది.

చూడలేదు. పెరటి దడి వెంట మా అత్తగారు గుచ్చిన గోరింట. రాతి సందులో పుట్టి, ఎవరూ చెంబెడు నీళ్లు పోయకుండా, నడుమెత్తున గుబురు కట్టింది. లిన్నేయస్ దీనికి ముళ్లు లేనిదనే అర్థం వచ్చేలా ఇనెర్మిస్ అని పేరు పెట్టాడు. ముదిరిన గోరింట కొమ్మల కొసన ముళ్లుంటాయని మా వీధి మేకలకు తెలుసు. దీని కత్తిరింపుకూ ఒక పర్వదినం ఉంది. జూన్ చివర ఆషాఢం రాగానే వీధిలో ఆడపిల్లలంతా గిన్నెలు పట్టుకుని వచ్చి లేత కొసలన్నీ తుంచుకుపోతారు. తొలకరి పడ్డాక తుంచారు గనుక ఒక్కో కొసకు రెండు చిగుళ్లు వేస్తుంది. సర్రేలో కత్తెరతో చేసే పనిని దాచేపల్లిలో గోళ్లతో చేస్తున్నారు, కూలి పుచ్చుకోకుండా, అదీ సరైన అదునులో. పైగా వెళ్తూ వెళ్తూ మా ఆవిడ అరచేతిలో ఒక ముద్ద పెట్టిపోతారు.

విశేషం: బతికిన మూడు మురయాలను చూసి ఎవరైనా ముచ్చటపడి పెంచుకోదలిస్తే ఒక మాట. నిమ్మజాతి తోటలను పీడించే సిల్లా పురుగుకు ఈ మొక్క ఇష్టమైన విడిది. ఆకులను పసుపు మచ్చలు చేసి చెట్టును చంపే గ్రీనింగ్ తెగులును ఆ పురుగే మోస్తుంది. పొందుగుల వంతెన దాటితే నల్గొండ బత్తాయి. తోటల పక్కన ఈ కంచె వేయకండి. నిజం బాక్సుడ్డు తెప్పించుకుందామనుకునేవారికి ఇంకో మాట: దాని ఆకు పశువులకు విషం. గేదెలు తిరిగే వీధికి పనికిరాదు.

తాత్పర్యం

మూలంలోని వాక్యం సత్యమే. కర్త గోరింట. నీళ్ల చెంబు, నెలసరి కటింగు ప్రక్షిప్తాలు. ఆ మొక్క బండిలో దొరకదు, మా పెరట్లో ఉంది. తొలకరికి చిటికెనవేలి లావు కొమ్మ కోసుకెళ్లి జానెడు మట్టిలో గుచ్చుకోవచ్చు. గేటుకు గడియ ఉండదు. వచ్చేటప్పుడు గిన్నె తెచ్చుకోండి.