శునకనిర్ణయ పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

మంచు కుక్క యేల మండుటెండలలోన
పొట్టి కుక్క యేల పోరుపెట్ట
తెల్లవారు వేళ తిప్పుకొచ్చెడువాడు
ఎవ్వడనుచు తేల్చి యెంచరయ్య

అవతారిక: ఖైరతాబాద్‌లో, స్టేషన్లో బండి కూత వినిపించేంత దూరంలో, లిఫ్టు లేని మూడో అంతస్తులో మా మామగారి కాపురం. బావమరిదికి హస్కీ కావాలి, మరదలికి పామేరియన్ కావాలి. వాళ్ల వాదం పడలేక మామగారు కరెంటు బిల్లు వెనక ఈ ఆటవెలది రాసి ఫ్రిజ్జుకు అంటించారు. పద్యం మావైపే ఉందంటే మావైపే ఉందని ఇద్దరూ పట్టుబట్టారు. అల్లుడు తటస్థుడన్న భ్రమతో వ్యాఖ్య నాకు అప్పజెప్పారు. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయకూడదన్నది ఆయన నియమం. వీలైనంతవరకు నాదీ అదే.

ప్రతిపదార్థం: మంచు కుక్క = సైబీరియన్ హస్కీ; మండుటెండలలోన = మే నెలలో నలభై డిగ్రీలు దాటే హైదరాబాదులో, అందునా డాబా కింది అంతస్తులో; ఏల = ఎందుకు; పొట్టి కుక్క = పామేరియన్ అని మనం పిలుచుకునే తెల్లబొచ్చు కుక్క; పోరుపెట్ట = కాలింగ్ బెల్లుకీ, కుక్కర్ విజిలుకీ, పక్కింటివాళ్ల చెప్పుల చప్పుడుకీ మొరిగి ప్రాణం తీయగా; ఏల = ఎందుకు; తెల్లవారు వేళ = ఐదింటికి; తిప్పుకొచ్చెడువాడు = గొలుసు పట్టి కిందికి దించి, పని కానిచ్చి, మళ్లీ మూడంతస్తులూ ఎక్కించేవాడు; ఎవ్వడనుచు = ఎవడా అని; తేల్చి = అందరి ముందూ ఒప్పించి; ఎంచరయ్య = ఆ తర్వాత కుక్కను ఎంచుకోండయ్యా.

తాత్పర్యం: రెండు కుక్కల్లోనూ లోపాలున్నాయి. ముందు మనిషి తేలితే కుక్క దానంతటదే తేలుతుంది.

విశేషాలు

మంచు కుక్క: సైబీరియాలో చుక్చీ జనం మంచుబండి లాగడానికి పెంచుకున్న జాతి ఇది. 1925లో అలాస్కాలోని నోమ్ ఊళ్లో డిఫ్తీరియా సోకితే, 20 మంది బండివాళ్లు, దాదాపు 150 కుక్కలు వంతులవారీగా పరుగెత్తి, సుమారు 1,085 కిలోమీటర్ల దూరం మందును ఐదున్నర రోజుల్లో చేర్చారు. అందులో అందరికంటే పెద్ద వంతు లాగిన జట్టుకు ముందు నడిచిన టోగో ఈ జాతిదే. అలాంటి వంశంలో పుట్టినదాన్ని రెండు గదుల ఇంట్లో కట్టేస్తే సోఫాను లాగుతుంది. వేడికి తట్టుకోలేదంటే, ‘గుండు కొట్టిద్దాం’ అన్నాడు బావమరిది. హస్కీకి బొచ్చు రెండు పొరలు. అది చలినే కాదు, ఎండనూ కొంత ఆపుతుంది. గీసేస్తే చర్మం కాలుతుంది, బొచ్చు మళ్లీ సరిగ్గా వస్తుందన్న నమ్మకమూ లేదు. ఇక మిగిలింది ఏసీ. కవి పద్యాన్ని కరెంటు బిల్లు మీదే ఎందుకు రాశాడో సహృదయులు గ్రహింతురు గాక. పోనీ కాపలా కాస్తుందా అంటే, ఈ జాతి మొరగడం తక్కువ, ఊళ పెట్టడం ఎక్కువ. బండి కూతకు వంత పాడుతుంది, దొంగొస్తే తోక ఊపుతుంది.

పొట్టి కుక్క: ఇది హస్కీకి జ్ఞాతి. నిక్కిన చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక, దట్టమైన బొచ్చు ఇద్దరికీ ఒకటే. మన ఊళ్లలో పామేరియన్ పేరుతో తిరిగేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. తెల్లదొరల కాలంలో వచ్చి, తరాలుగా మన ఎండకు అలవాటుపడినవి. 1994లో ‘హమ్ ఆప్కే హై కౌన్’లో ఉత్తరం మోసుకెళ్లి పెళ్లి తారుమారు చేసిన టఫీని చూసి మోజుపడని ఇల్లు లేదు. మరదలు అప్పటికి పుట్టలేదు, మోజు మాత్రం వారసత్వంగా వచ్చింది. దీని దోషం నోరు. ‘వినాయకచవితికి మన గల్లీలో డప్పుల ముందు దీని గొంతు ఎవరికి వినిపిస్తుంది?’ అని మరదలి సమర్థన. 1954లో ఒక్క అడుగుతో మొదలై 2024లో 70 అడుగులకు చేరిన గణపతి కొలువుదీరే పేట కనుక ఈ వాదంలో బలముంది. కానీ టపాసులకు కుక్క మంచం కిందికి దూరుతుందని ఆమె చెప్పలేదు. పైగా గణపతిని పదకొండో రోజు హుస్సేన్‌సాగర్‌కు సాగనంపుతాం. కుక్క పన్నెండేళ్లకు పైగా ఇంట్లోనే ఉంటుంది.

పూర్వపక్షాలు: ‘రెండు పాదాల్లోనూ యేల, యేల అన్నారు కాబట్టి అసలు కుక్కే వద్దని కవి హృదయం’ అని అత్తయ్యగారు. అలాగైతే ‘ఎంచరయ్య’ వ్యర్థమవుతుందని సమాధానం. ‘అపార్ట్‌మెంట్‌లో కుక్కలు నిషేధం’ అని సెక్రటరీగారు. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘానికి, మెజారిటీ ఉన్నా సరే, లేదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే జీహెచ్‌ఎంసీ లైసెన్సు, రేబిస్ టీకా తప్పవు. ఈ రెండో టీకా ముందు నా టీకా దండగ.

ప్రమాణం: ఊరికే కుక్కను కొడితే ఏమవుతుందో ఆదిపర్వంలో సరమ శాపం చెబుతుంది. కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. అది ఏ జాతిదో వ్యాసుడు చెప్పలేదు. దారి పొడవునా వెంట నడిచింది, అంతే.

కర్తృవిచారం: పద్యానికి ప్రాణం మూడో పాదం. ‘వాడు’ అంటే ఎవడు? ‘మనుషులందరికీ వర్తిస్తుంది’ అన్నాడు బావమరిది. ‘ఆడవాళ్లను వాడు అనరు’ అన్నారు అత్తయ్యగారు. మామగారు మోకాళ్లు చూపించారు. చివరికి ఆయనే పరీక్ష పెట్టారు: నెల్లాళ్లపాటు, కుక్క లేకుండా, ఐదింటికి గొలుసు పట్టుకుని గల్లీ చివరిదాకా వెళ్లి రావాలి. బావమరిది అలారం మోగేది, అతను తప్ప ఇంటిల్లిపాదీ లేచేవాళ్లు. మరదలు ఖాళీ గొలుసు ఈడ్చుకుంటూ రోజూ వెళ్లింది. ఇడ్లీ బండి అతను ‘కుక్కేదమ్మా?’ అని అడిగితే ‘వస్తోంది’ అనేది. కనుక పొట్టి కుక్కే సిద్ధాంతం.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివి కుక్కను తెచ్చుకున్నవారి సోఫా కుశలంగా ఉంటుంది, పొరుగువారు పలకరిస్తారు. మరదలికి పరీక్షలున్న రోజుల్లో మూడో పాదంలోని ‘వాడు’ అల్లుడేనని మామగారు నిన్న బిల్లు మీద పెన్సిలుతో చేర్చారు. కవి స్వయంగా రాసిన పాఠం గనుక వ్యాఖ్యాత కాదనలేడు.