సరా, బేసా?

మళ్ళీ రాయాలట.

ఎందుకని అడక్కూడదు. అడిగితే మా టీములో కుర్రాడు జాలిగా చూస్తాడు. "ఇదింకా పాత పద్ధతిలో ఉందన్నా" అంటాడు. పాత పద్ధతి అంటే మొన్నటిదాకా కొత్త పద్ధతి. అది కొత్తగా ఉన్నప్పుడు కూడా ఇలాంటి కుర్రాడే ఇలాంటి చూపే చూశాడు. వాడిప్పుడు బెంగుళూరులో ఇంకెవరినో చూస్తున్నాడు.

రాయాల్సింది ఒక కల్యాణ మండపం వెబ్‌సైటు. గోదావరి జిల్లాలో మండపం, మాదాపూర్‌లో మేము. అద్దె ఎంత, ఏ తేదీలు ఖాళీ, బంతికి ఎంతమంది కూర్చుంటారు, కార్లు పెట్టుకోడానికి చోటుందా, ఇంతే అది లోకానికి చెప్పుకోవాల్సింది. మొదట్లో సైటు కూడా అరపేజీయే ఉండేది. 2006లో పుట్టిన జేక్వెరీ మా దాకా వచ్చేసరికి ఫొటోలు పక్కకి జరగడం నేర్చుకున్నాయి. తరవాత యాంగ్యులర్‌జేఎస్. 2016లో అదే ఇంటిపేరుతో ఇంకో యాంగ్యులర్ దిగింది. పాతదాంట్లో రాసింది దీంట్లో నడవదు. సరే, రియాక్ట్. 2013లో ఫేస్‌బుక్ వాళ్ళు దాన్ని బయటపెట్టినప్పుడు హెచ్‌టీఎమ్‌ఎల్‌నీ జావాస్క్రిప్టునీ ఒకే ఫైల్లో కలిపేయడమేమిటని ఛీకొట్టినవాళ్ళమే చివరికి అందులో చేరాం. చేరి కుదురుకున్నామో లేదో, 2019లో ఆ రియాక్ట్‌లోకే హుక్స్ వచ్చి అంతకుముందు రాసిందంతా అనాగరికం అన్నాయి. కొత్త ప్రాజెక్టు మొదలెట్టడానికి అందరం వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025 ఫిబ్రవరిలో ఇక వాడొద్దన్నారు.

ఇంత జరిగినా ఖాళీ తేదీల అసలు లెక్క మండపం గుమాస్తాగారి వెనక గోడకి వేలాడుతున్న తెలుగు క్యాలెండర్ మీదే ఉంటుంది, ఎర్ర బాల్‌పెన్నుతో. ఏటా జనవరిలో ఒక్కసారి వెర్షను మారుతుంది. మేకు పాతదే సరిపోతుంది.

ఈసారి మార్పేమిటంటే, పేజీని సర్వర్లోనే తయారుచేసి పంపాలట. ఇరవయ్యేళ్ళ కిందట పీహెచ్‌పీలో మేం చేసింది అదే. మధ్యలో ఎవరో వచ్చి సర్వర్‌ని ఎందుకు శ్రమపెట్టడం, బ్రౌజరే చేసుకుంటుంది కదా అన్నారు. బ్రౌజరు అంటే ఎవరు? పెళ్ళికూతురి మేనమామ చేతిలో ఉన్న, అద్దం పగిలిన ఫోను. అది ముందు ఖాళీ పేజీ తెచ్చుకుని, తరవాత జావాస్క్రిప్టు తెచ్చుకుని, దాన్ని ఆసాంతం చదువుకుని, మళ్ళీ సర్వర్‌నే అడిగి, అప్పుడు అద్దె ఎంతో చెప్పాలి. ఈలోపు కాలక్షేపానికి బూడిదరంగు పట్టీలు మిలమిలలాడుతుంటాయి. మేనమామ కాసేపు వాటిని తిలకించి గుమాస్తాగారికి ఫోన్ చేస్తాడు.

"ఇది మేం ఎప్పుడో చేసిందే కదరా" అన్నాను.

"అది వేరన్నా. ఇవి కాంపోనెంట్లు" అన్నాడు.

ఆ మాట తరవాత వాదన ఉండదు. ఆ రియాక్ట్ సర్వర్ కాంపోనెంట్లలోనే 2025 డిసెంబరులో ఒక కన్నం బయటపడింది. లాగిన్ కూడా కాకుండానే బయటివాడు మన సర్వర్లో తన కోడ్ నడుపుకోవచ్చు. తీవ్రత కొలిచేవాళ్ళు 10కి 10 వేశారు. మా రంగంలో నిండుమార్కులు పడటం అరుదు, అందుకని గుర్తుంది.

సరే, కొత్త సైటుకి కావాల్సిన ప్యాకేజీలకి కుర్రాడు ఇన్‌స్టాల్ కొట్టాడు. నేను టీ తాగి వచ్చేసరికి నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు గర్భం దాల్చి ప్రసవించి మనవల్ని ఎత్తుకుంటోంది. లోపల ఎవరెవరున్నారో చూద్దామని దిగాను. దిగకుండా ఉండాల్సింది.

ఈజ్-ఈవెన్ అని ఒక ప్యాకేజీ. అంకె ఇస్తే అది సరిసంఖ్యో కాదో చెబుతుంది. చిన్నప్పుడు చింతగింజలు గుప్పిట్లో పట్టుకుని "సరా, బేసా" అని ఆడినవాళ్ళకి ఇందులో పెద్ద విద్యేమీ కనపడదు. రెండుతో భాగించి శేషం చూడాలి, జావాస్క్రిప్టులో దానికి ఒక్క గుర్తు చాలు. ఇది ఎలా చెబుతుందా అని తెరిచి చూశాను. దానికి తెలీదు! పక్కింటి ఈజ్-ఆడ్‌ని పిలిచి "ఇది బేసా?" అని అడుగుతుంది. అది కాదంటే ఇది "సరి" అంటుంది. పోనీ ఈజ్-ఆడ్‌కైనా తెలుసా? ఇచ్చింది అసలు సంఖ్యేనా అని దానికి అనుమానం. ఈజ్-నంబర్ దగ్గరికి వెళుతుంది. ఆ ఈజ్-నంబర్ ఒంటరిగా తేల్చదు, ఈ వస్తువు ఏ జాతిదో విచారించమని కైండ్-ఆఫ్ అనే పెద్దమనిషికి కబురు పెడుతుంది. కైండ్-ఆఫ్‌గారు ఎందుకైనా మంచిదని ఈజ్-బఫర్‌ని కూడా రప్పిస్తారు. అయిదుగురూ రచ్చబండ మీద కూర్చుని, తువ్వాళ్ళు దులుపుకుని, సాయంత్రానికి తీర్పు చెబుతారు. నాలుగు సరిసంఖ్యే.

ఇందులో ఈజ్-ఆడ్‌ని వారానికి లక్షలసార్లు దింపుకుంటున్నారు. అంటే ప్రపంచంలో ఎక్కడో ఒకచోట నిమిషం తిరక్కుండా ఎవరికో ఏడు మీద సందేహం వస్తోంది. మా ఆటలో ఓడినవాడు గింజలు ఇచ్చుకునేవాడు. ఇక్కడ ఎవరు ఓడినా డిస్కు మనది. ఇంకో సంగతి, ఈ అయిదుగురిలో ఏ ఒక్కరికి జ్వరమొచ్చినా మన సైటుకి ఒళ్ళు కాలుతుంది. నవ్వులాట అనుకునేరు, 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన పేరు గొడవలో అలిగి తన సరుకంతా వెనక్కి తీసేసుకున్నాడు. అది చేసే పని అక్షరాలకి ఎడమపక్క ఖాళీలు చేర్చడం. దానితో రియాక్ట్, బేబెల్ మీద ఆధారపడ్డ ప్రాజెక్టులు ఎన్నో బిల్డ్ కాక చతికిలబడ్డాయి. 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీలు చూసుకునే ఒకాయన దొంగ ఈమెయిలుకి చిక్కాడు. వాటిలో దొంగలు క్రిప్టో సొమ్ము దారి మళ్ళించే కోడ్ దూర్చారు. చాక్ చేసే పని నల్లతెర మీద అక్షరాలకి రంగు వేయడం. ఎర్రర్ ఎర్రగా కనపడాలన్న ముచ్చటకి ఇంత వెల.

కుర్రాడికి చూపించాను. "దాన్ని మనం వాడట్లేదన్నా, మనం వాడేది దాన్ని వాడుతోంది" అన్నాడు. ఇదే జవాబు ఊరంతా చెబుతోంది. మరి వాడేదెవరో!

ఎక్కడున్నాం? మండపం.

ఆ సైటు పనిలో సగం కుర్రాడు చెయ్యడు కూడా. 2025 ఫిబ్రవరిలో ఆండ్రేయ్ కర్పాతీ 'వైబ్ కోడింగ్' అని ఒక పేరు పెట్టినప్పటి నుంచీ వీడికి పట్టపగ్గాల్లేవు. ఏఐకి చెబుతాడు, వచ్చింది చూస్తాడు, బాగాలేదంటాడు, అది క్షమాపణ చెప్పి ఇంకోటి ఇస్తుంది. నేను పాతికేళ్ళుగా క్లయింట్లకి చేస్తున్నది ఇదే గనక దాని మీద నాకు కొంచెం సానుభూతి ఉంది. ఏ భాష, ఏ సరంజామా అని చెప్పకపోయినా ఆ ఏఐ రియాక్ట్, టెయిల్‌విండ్ వడ్డించేస్తుంది. వచ్చిన బటన్లన్నీ ఇంగ్లీషు అక్షరం ఎత్తుకి కుట్టినవి. తెలుగు పేరు పెట్టగానే ఒత్తులన్నీ సగానికి తెగాయి. ఎత్తు పెంచమన్నాను. "తెలుగులో ఎవరు చూస్తారన్నా" అన్నాడు. మేనమామ చూస్తాడు నాయనా, పెళ్ళి వాళ్ళది.

ఈ మధ్య ఒక ఉద్యోగానికి నేను చేసిన పనులు చూపించమన్నారు. లింకులు ఏరదామని కూర్చున్నాను. నేను రాసింది ఒక్కటీ మిగల్లేదు. కొన్ని కంపెనీలు లేవు, కొన్నిటిని నా తరవాతివాళ్ళు పూర్తిగా తిరగరాశారు. ప్రాణం పెట్టి చేసిన ఒక చీరల దుకాణం చిరునామాలో ఇప్పుడు రమ్మీ ప్రకటన ఉంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 మార్జిన్ పది ఇస్తే ఇరవై ఎందుకు తీసుకునేదో, దాన్ని ఎలా బుజ్జగించాలో నాకింకా కంఠతా వచ్చు. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఆ బ్రౌజర్‌కే మంగళం పాడింది. గ్రంట్, బోవర్ లాంటి పనిముట్లు, యాంగ్యులర్‌జేఎస్, వీటి మీద గడిపిన రాత్రులు చాలా ఉన్నాయి. నేర్చుకున్నది తప్పేమీ కాదు. చెబుదామంటే అడిగేవాళ్ళు లేరు, అంతే. అదే 1991లో స్విట్జర్లాండు సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొట్టమొదటి సైటుని సెర్న్ వాళ్ళు 2013లో పాత చిరునామాకే తిరిగి తెచ్చారు. మేనమామ ఫోనులో కూడా రెప్పపాటులో తెరుచుకుంటుంది. అందులో జావాస్క్రిప్టు లేదు. అప్పటికి జావాస్క్రిప్టు పుట్టడానికి ఇంకా నాలుగేళ్ళుంది. నేను రాసినవాటికి ఆ సైటుది తాత వయసు, వాటన్నిటినీ సాగనంపి అది మాత్రం ఉంది.

పోనివ్వండి. నిన్న కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కళ్ళలో వెలుగు. రియాక్ట్ గియాక్ట్ ఏమీ అక్కర్లేదన్నా, అంతా దండగ, హెచ్‌టీఎమ్‌ఎక్స్ అని ఒకటుంది, సర్వర్ నుంచి ఉత్త హెచ్‌టీఎమ్‌ఎల్ పంపితే చాలు, పేజీ భలే వేగంగా వస్తుంది, ఎవరూ ఇన్నాళ్ళూ మనకి చెప్పలేదన్నా, అన్నాడు. ఎంత ఓపిగ్గా వివరించాడనుకున్నారు! బోర్డు మీద బొమ్మ గీసి, బాణాలు పెట్టి, నాకు అర్థమైందో లేదోనని రెండుసార్లు ఆగాడు. దాని మీద ఆన్‌లైన్ కోర్సు కూడా ఉందట. పండగ ఆఫర్లో సగం ధరకే ఇస్తున్నారట. నా వయసు వాళ్ళు కూడా తేలిగ్గానే పట్టుకోవచ్చని ధైర్యం చెప్పి, లింకు వాట్సాప్‌లో పంపాడు.