తాత్కాలిక శిబిరాన్ని శాశ్వతంగా నడపడమెలా?

పునరావాస శాఖలో కొత్తగా చేరారా? శుభం. దేశ విభజన తర్వాత వచ్చిన తూర్పు బెంగాల్ శరణార్థులను మన పెద్దలు సర్దిన తీరు కాస్త తెలుసుకుంటే చాలు, రిటైరయ్యేదాకా కుర్చీ దిగే పనుండదు.

1. కొత్తగా ఏమీ కట్టకండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక స్థావరం ఖాళీగా ఉందేమో చూడండి. రాణాఘాట్‌లో కూపర్స్ క్యాంపు అలా దొరికిందే. గుమ్మానికి 'తాత్కాలికం' అని బోర్డు కొట్టండి. రేకు కారుతోందని ఎవరైనా వస్తే ఆ బోర్డు చూపించండి. నాలుగు రోజుల ముచ్చటకి మరమ్మతులేమిటని మీరే ఆశ్చర్యపోండి.

2. పనికి రారనిపించినవాళ్లను విడిగా రాసుకోండి. బెంగాల్ శిబిరాల్లో దిక్కులేని వితంతువులకు, ముసలివాళ్లకు, రోగిష్టులకు 'పర్మనెంట్ లయబిలిటీ' అని పేరు పెట్టారు, ముద్దుగా పి.ఎల్. మనిషిని శాశ్వత భారమని ఒకసారి రాసేశాక ఇక పని నేర్పించమని మిమ్మల్నెవరడుగుతారు?

3. తేదీలతో గీత గీయండి. 1958 మార్చి దాకా వచ్చినవాళ్లు పాతవాళ్లు. 1964 నుంచి వచ్చినవాళ్లు కొత్తవాళ్లు. నడుమ వచ్చినవాళ్లకు సాయం లేదు, కాబట్టి వాళ్లు రానట్టే. ఇంత సుళువుగా జనాన్ని తగ్గించే మార్గం మరొకటి లేదు.

4. భూమి ఎంపికలో మీ తెలివంతా చూపండి. నదుల మధ్య పుట్టి, చేపలు పట్టి, బురదలో వరి నాటినవాళ్లను తీసుకొచ్చి కోరాపుట్, బస్తర్ మెట్ట నేలలో దించండి. 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్లు ఇదే చేశారు. నీళ్లేవని అడిగితే సాగునీటి ప్రాజెక్టు వస్తోందనండి. పంట ఎండితే రైతు సోమరి అని నివేదిక పంపండి. పైవాళ్లకు ఈ మాటంటే మహా ఇష్టం.

5. అక్కడున్న కోయలను మాత్రం అడగొద్దు. అడిగితే అడవి మాదంటారు. చెప్పకుండా చెట్లు కొట్టించి, కొత్తవాళ్లను పక్కనే దింపితే రెండు వర్గాలూ ఒకరినొకరు తిట్టుకుంటారు. మీ పేరు ఎక్కడా రాదు. శాంతి సంఘం వేసి ప్రయాణ భత్యం రాసుకోండి.

6. ఊళ్లకు పేర్లెందుకు, అంకెలు వేయండి. మల్కన్‌గిరిలో ఎం.వి., పరల్‌కోటలో పి.వి., ఆ పక్కన నంబరు. చింతూరు మీదుగా మల్కన్‌గిరి వెళ్లేవాళ్లకు ఆ అంకెల ఊళ్లు ఇప్పటికీ తగులుతాయి. మనవళ్లు పుట్టినా ఊరికి పేరు పుట్టలేదంటే పని ఎంత పకడ్బందీగా జరిగిందో చూడండి.

7. శిబిరం వదిలి కదలనన్నవాడి డోలు, అంటే సర్కారిచ్చే సాయం, ఆపండి. పిల్లలు ఆకలికి ఏడిస్తే వాడే లారీ ఎక్కుతాడు. రిజిస్టర్లో 'స్వచ్ఛందంగా' అని రాసి వేలిముద్ర వేయించండి. చదివి వినిపించే అలవాటు అస్సలు చేసుకోకండి, చేతిరాత బాగోలేదని చెప్పొచ్చు.

8. ఇన్ని చేసినా పారిపోతే? కంగారు పడకండి. 1978లో వేలమంది దండకారణ్యం వదిలి సుందరవనాల్లోని మరిచ్‌ఝాపీ దీవికి చేరారు. బెంగాల్లోనే చోటివ్వాలని ప్రతిపక్షంలో ఉండగా గొంతు చించుకున్న పార్టీలే అప్పుడు గద్దె మీదున్నాయి, అయినా ఏం ఇబ్బంది పడలేదు. దీవి రిజర్వు అడవి అన్నారు. అక్కడ ఆ జనం సర్కారు పైసా లేకుండా గట్లు వేసుకున్నారు, బడి పెట్టుకున్నారు, వైద్యశాల పెట్టుకున్నారు. ఇది మీకు చాలా ప్రమాదం. ఇలా రెండు చోట్ల జరిగితే పునరావాస శాఖ దేనికని ఎవరైనా అడుగుతారు. అందుకే 1979 జనవరిలో 144 సెక్షన్ పెట్టి పడవలు ఆపారు, తిండీ నీళ్లూ అందకుండా చేశారు, మే నెలలో గుడిసెలు తగలబెట్టి ఖాళీ చేయించారు. ఎందరు పోయారో ఈనాటికీ తేలలేదు. లెక్క రాయకపోవడంలో ఉన్న సుఖం అదే.

9. మిగిలినవాళ్లను రైలెక్కించి మళ్లీ దండకారణ్యానికే పంపండి. దిగగానే కొత్త లబ్ధిదారులుగా నమోదు చేయండి. అదే కుటుంబం, రెండుసార్లు పునరావాసం. టార్గెట్ మించిపోతుంది.