ఏనుగుకో వాటర్ క్యాన్!

శ్రీకాళహస్తిలో ఏనుగు తొండంతో స్వర్ణముఖి ఏటి నీళ్లు తెచ్చి శివుడికి అభిషేకం చేసిందట. ఇప్పుడొస్తే పాపం, ఎండాకాలంలో వాటర్ క్యాన్ కొనుక్కోవాల్సిందే. గుడి కట్టిన కూలీలకు, చేసిన పనిని బట్టి ఏటి ఇసుకే బంగారమైందని స్థలపురాణం. ఆ మహిమ ఇంకా పోలేదు. ఇప్పుడు పని కూడా అక్కర్లేదు, ట్రాక్టరుంటే చాలు, రాత్రికి రాత్రే బంగారం! ఇసుక తోడేస్తే నీరు ఇంకదు, చుట్టుపక్కల బోర్లు ఎండుతాయి. దీన్ని ఆపడానికి 2002 నాటి వాల్టా చట్టం లేదా అంటారా? ఉంది, బీరువాలో భద్రంగా! రాహుకేతు పూజతో పోయే దోషం కాదు సామీ ఇది. ఏటి ఒడ్డున ఊరంతా అడ్డం నిలబడితేనే ఏట్లో నీళ్లు నిలబడేది!